పచ్చ బటన్

ఆ పొద్దున ఆకాశం కురవనూ లేదు, తెరిపివ్వనూ లేదు. నాంపల్లి స్టేషన్ మీద మబ్బు తడిసిన గోనెపట్టాలా వేలాడుతోంది.

నవత సంచిలో సర్టిఫికెట్ ఉంది. ఇంటి దగ్గర రోగుల్ని చూసుకునే పని మీద నలభై గంటల ఆన్‌లైన్ కోర్సు. పైసా ఖర్చు లేదు. పాఠాలన్నీ తెలుగులోనే. అయినా నవత ఒక్కటీ చూడలేదు. పరీక్షకు జవాబులు వాట్సాప్ గ్రూపులో దొరికాయి. వీడియోలు నడిపించింది అత్త కొండమ్మ. గన్‌ఫౌండ్రీలో ఆఫీసు ఊడుస్తూ, నవత ఫోను కిటికీలో పెట్టుకుని.

"వీడియో ఆగితే పచ్చ బటన్ ఒత్తు అత్తమ్మా. గంతే."

చదువురాని కొండమ్మ రెండు నెలలు ఒత్తింది. ఆ వేళకు నవత ఇంట్లో పడుకునేది.

ఇప్పుడు అత్త పక్కనే కుంటుతూ నడుస్తోంది. మోకాళ్లు అరిగిపోయాయి.

"నీకు కొలువు రానీ బిడ్డా. తెల్లారే నా చీపురు మూసీల పారేస్త."

"జర మెల్లగ నడువు," అంది నవత.

అబిడ్స్‌లో రోగుల ఇళ్లకు ఆయాల్ని పంపే ఏజెన్సీ మెట్లెక్కారు. గుమ్మం దగ్గర రిజిస్టర్‌లో ఇద్దరి పేర్లూ నవతే రాసింది.

ఏజెన్సీ నడిపే జిప్పోరా మేడం రిటైరైన నర్సు. సర్టిఫికెట్ తిప్పి కూడా చూడలేదు. మంచం మీది రబ్బరు బొమ్మను చూపించింది.

"పక్షవాతం పేషెంటు అనుకో. పక్కకు తిప్పి దుప్పటి మార్చు."

నవత బొమ్మ చెయ్యి పట్టి గుంజింది. భుజం కటుక్కుమంది.

"ఒక్కదానివల్ల కాదులే. మీ అత్తను సాయం పిలువు."

కొండమ్మ చేతులు కడుక్కుని మరీ వచ్చింది. బొమ్మ చెవి దగ్గర వంగింది.

"అయ్యా, జర పక్కకు తిప్పుతున్న. భయపడకు."

నవతకు తల కొట్టేసినట్టయింది. ప్రాణం లేని బొమ్మతో మాటలేంది! మేడం మాత్రం నవ్వలేదు.

ఈసారి బొమ్మ కటుక్కుమనకుండా తిరిగింది, దుప్పటి మారింది. కొండమ్మ బయటికి పోయి బెంచీ మీద కూర్చుంది. మేడం చాలాసేపు మాట్లాడి, కొలువు కాగితమున్న కవరు నవత చేతిలో పెట్టింది.

"నువ్వే చెప్పు ఆమెకు."

కొండమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. "ఏమన్నరు బిడ్డా?"

"కొలువొచ్చింది అత్తమ్మా."

"చూసినవా! నీ సదువు ఊకెనే పోలే." కొండమ్మ కళ్లొత్తుకుంది.

నాంపల్లి దాకా నవత కవరు పట్టుకునే నడిచింది. స్టేషన్ బయట బెంచీ మీద డబ్బా విప్పారు. జొన్నరొట్టె, పుంటికూర. కొండమ్మ పెద్ద రొట్టె కోడలికిచ్చి, చిన్నది తను తీసుకుంది. అప్పుడు పడింది చినుకు. బెంచీ మీది కవరు తడవకుండా కొండమ్మ కొంగు కప్పింది.

కవరు మీద రాసున్న పేరు కొండమ్మది.