కాలు తొక్కితే

“సముద్రం పోటెక్కేలోపు చెప్పకపోతే పాప దక్కదు! ఎక్కడ దాచార్రా?”

ఇన్‌స్పెక్టర్ కార్లియన్ అరుపుకి బల్లమీది కప్పులు గలగలమన్నాయి. కిటికీలోంచి రేవు కనిపిస్తోంది. నీళ్లు ఒక్కో మెట్టూ మింగుతూ పైకొస్తున్నాయి.

టీకొట్టు యజమానురాలు మోర్వెన్నా మిగిలిన మెట్లు లెక్కపెడుతోంది. ఆరేళ్ల మనవరాలు టామ్సిన్‌ని తీరంలో ఏదో గుహలో కట్టేశానని ఫోన్లో బెదిరించాడు ఒకడు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని, చక్కటి ఇంగ్లీషులో. ఫోన్ బూత్ దగ్గర్నుంచి పోలీసులు తరిమితే ఆమె కొట్టులోకే దూరాడు. లోపల కొత్త మొహాలు రెండే.

ఒకడు టోపీల వ్యాపారి హర్లాక్. బూట్లనిండా తడి ఇసుక. రెండోవాడు పోర్చుగీసు నావికుడు. ఏమడిగినా “నో ఇంగ్లీష్” అంటూ చేతులు తిప్పుతున్నాడు.

“ఒట్టు సార్! ఇసుకలో నడిచొచ్చాను, అంతే!” హర్లాక్ వంగి బూట్లు దులపబోయాడు.

“నా బంగారుతల్లి ఎక్కడ బాబూ?” మోర్వెన్నా అతనిమీదికి తూలింది. ఆమె మడమ అతని కాలివేళ్లమీద దిగింది.

“సారీ అమ్మా!” అన్నాడు హర్లాక్.

పక్కనున్న సార్జెంట్ ఫక్కున నవ్వాడు. “తొక్కింది ఆవిడ. సారీ నువ్వు చెప్తావేంట్రా?”

“ఏం చెయ్యను సార్, ఇంగ్లీషువాళ్లం కదా, పుట్టుబుద్ధి. మీరైతే చెప్పరా?”

సార్జెంట్ నవ్వు ఆగిపోయింది.

“వేషాలు చాలు!” ఇన్‌స్పెక్టర్ హర్లాక్ చేతులకి బేడీలు వేశాడు. నావికుణ్ణి పొమ్మని సైగ చేశాడు. “ఈ వెర్రిబాగులవాడికి మన భాషే రాదు. వీడేం బెదిరిస్తాడు?”

నావికుడు పళ్లికిలించి తలుపువైపు నడిచాడు. మోర్వెన్నా కన్నీళ్లు తుడుచుకుంది. దారివ్వబోతున్నట్టు పక్కకి జరిగింది. జరిగి, ఒంట్లో బరువంతా మడమలోకి తెచ్చి, అతని పాదాన్ని కసుక్కున తొక్కింది.

“సారీ! నాదే పొరపాటండీ!”

నావికుడి నోట్లోంచి మాట దొర్లిపోయింది. అచ్చమైన ఇంగ్లీషు. అతని మొహం పాలిపోయింది.

మోర్వెన్నా తలుపు గడియ పెట్టింది.

“ఇన్‌స్పెక్టర్ గారూ, పిల్లనెత్తుకెళ్లిన దొంగ వీడే! పాప ఎక్కడుందో అడగండి. ఇంగ్లీషులోనే అడగండి.”