కొత్త పలుపులు

“వీథిలో కూచుంటే ఎవడు కొంటాడు రాజమ్మా? పశువుల సంత వాకిట్లో కూచో,” అన్నాడు అప్పాసామి, తాళ్ల మోపు బండిలోకి ఎత్తుతూ.

పత్తి ధర పాతాళానికి పడిపోయిన ఏడది. విరుదునగరం వర్తకులు పత్తి వైపు కన్నెత్తి చూడటం మానేశారు. కోవిల్‌పట్టి చుట్టుపక్కల రేగడి ఊళ్లలో తెగిన తాడుకే ముడేసుకుంటున్నారు గాని కొత్తది కొనే నాథుడు లేడు. రాజమ్మాళ్ మొగుడు తూత్తుకుడి ఉప్పుమడుల్లో పనికని పోయి ఏడాదయింది. కబురు లేదు, కాకరకాయ లేదు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. కిత్తనార పేని పేని ఆమె అరచేతులు కాయలు కాశాయి. పేనిన తాళ్లు మాత్రం దూలానికి వేలాడుతూనే ఉన్నాయి.

“సంతలో మాత్రం ఎవరు కొంటారు చిన్నాయనా? అందరూ అమ్ముకునేవాళ్లే గదా.”

“అమ్మేవాడు ఎద్దునిస్తాడు గాని పలుపు ఇస్తాడా? ఇస్తే దొడ్డిలో లక్ష్మి పోతుందని మెడలోంచి విప్పి ఇంటికి పట్టుకుపోతాడు. కొన్నవాడు వట్టి చేతులతో నిలబడతాడు. వాడికి తాడు కావద్దా?”

నిజమే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తున్న ఆచారం. తన బుర్రకే తట్టలేదు.

అప్పాసామి ఎదురింటివాడు, వరసకు చిన్నాయన. పదెకరాల రేగడి, జత తెల్ల ఎద్దులు. బిగదీసుకుని తిరిగే మనిషి, ఒకరి ముందు చెయ్యి చాచి ఎరగడు. అలాంటివాడు ఆనాటి నుంచి ప్రతి సోమవారం తానే బండి కట్టి ఆమె మోపును సంతకు చేర్చేవాడు. తూర్పు వాకిట్లో, రోడ్డు వైపు మొగం పెట్టించి కూచోబెట్టేవాడు.

“నువ్వు లోపలికి రావద్దు. ఎద్దులు కుమ్ముతాయి,” అనేవాడు.

బండి అక్కడే దించి, “వీటికి నీళ్లు తాపుకొస్తా,” అని ఎద్దుల్ని తోలుకుపోయాడంటే మళ్లీ సందెకే రావడం. ఎవరితోనో ఊసుపోని కబుర్లలో పడ్డాడనుకునేది రాజమ్మాళ్.

వ్యాపారం పట్టింది. వారం వారం అమ్మకానికొచ్చే పశువులు ఎక్కువయ్యాయి, ఆమె తాళ్లు చాలకుండా పోయాయి. ఊళ్లో ఇద్దరు ఆడవాళ్లను కూలికి పెట్టుకుంది. పిల్లలు రెండు పూటలా తింటున్నారు.

“పాడు బతుకు చిన్నాయనా,” అందొకసారి బండిలో. “పలుపులు పట్టుకుని ఇళ్లకు పోయేవాళ్ల మొగాలు చూడలేకుండా ఉన్నాను. వాళ్ల కొంప మునిగితే గాని నా పొయ్యి రాజదు.”

“నువ్వు ముంచలేదు గదా. నీ తాడు నువ్వు పేనుకో,” అన్నాడతను రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

“మన ఎద్దులకూ ఒక జత పేనిస్తాను. ఎర్రనూలు కలిపి, గవ్వలు కుట్టి. వారం వారం ఒళ్లు కడిగి, కొమ్ములకు నూనె రాసి పెళ్లికొడుకుల్లా తోలుకొస్తావు. మెడలో ఆ పాత పలుపులేం బాగున్నాయి?”

“మీ ఆయన పేనినవి. ఇంకా గట్టిగానే ఉన్నాయి. నాకెందుకులే.”

“నువ్వు చేసిన మేలుకు ఇదైనా చెయ్యనీ.”

అప్పాసామి ఎద్దుల్ని అదిలించాడు.

వద్దన్నా ఆమె ఊరుకుంటుందా. మూడు వారాలు కూచుని పేనింది. ఆ సోమవారం జతను మోపు అడుగున దాచి తెచ్చింది, సందె వేళ బండి కట్టేటప్పుడు తన చేత్తోనే ఎద్దుల మెడలో వెయ్యాలని.

మధ్యాహ్నానికే సరుకంతా అయిపోయింది. ఏళాయిరంపన్నై నుంచి వచ్చిన ఆసామి ఒకడు పరుగున వచ్చాడు.

“రెండు పలుపులు కావాలమ్మా. ఎన్నాళ్లుగానో కన్నేసిన జత ఇవాళ కుదిరింది.”

“అయిపోయాయే.”

“అవేమిటి మరి?”

“అవి ఇచ్చేవి కావు. మావాళ్ల కోసం పేనాను.”

“మళ్లీ పేనుకోవచ్చు గదా. పడమటి వాకిలి దగ్గర మనిషి కాచుకుని ఉన్నాడు, చీకటి పడేలోగా ఊరు చేరాలి. ధర నువ్వు చెప్పిందే.”

రాజమ్మాళ్ తటపటాయించింది. పెద్దపిల్లకు పావడా చిరిగిపోయింది. ఆశ పుట్టింది మరి. జత తీసి అతని చేతిలో పెడుతూ, “కొత్త దొడ్డిలో కలిసిరావాలి,” అంది మనసారా.

అతను పోయాక మనసు పీకింది. సిగ్గులేని దాన్ని, కూడు పెట్టిన మనిషికని చేసిందాన్ని కూడా అమ్ముకున్నానని తనను తానే తిట్టుకుంది. ఎదురుపడితే ఏం చెప్పాలో లోలోపల కూడబలుక్కుంటూ కూచుంది.

సందె వేళకు అప్పాసామి జనంలోంచి వస్తూ కనిపించాడు. పొద్దు ఆమె కళ్లలో పడుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకుని, అతను దగ్గరికి రాకముందే లేచి నిలబడింది.

“కోపం చేసుకోవద్దు చిన్నాయనా. నీ ఎద్దులకని పేనిన జతను ఎవరికో ఇచ్చేశాను. వచ్చే సోమవారానికి ఇంతకన్నా మంచివి పేనిస్తాను.”

అతని బుజం మీద రెండు పాత పలుపులు ఉన్నాయి.