పారబోసిన సీసా

చేపల చెరువుల బుచ్చిబాబు ఇనుప రాడ్డుతో కొట్టిన మొదటి దెబ్బకే ల్యాబ్ తలుపు అద్దం భళ్ళున పగిలింది. రెండో దెబ్బ అడ్డం వచ్చిన అటెండరు జ్ఞానయ్య భుజం మీద పడింది. ముసలాయన అమ్మా అంటూ అక్కడే కూలబడ్డాడు.

ఏలూరు ల్యాబ్‌లో వైరస్ పెంచుతున్నారనీ, కొల్లేరు పక్కన తన మూడు చెరువుల్లో చేపలన్నీ చచ్చి తేలడానికి అదే కారణమనీ ఎవడో ఆయన చెవిలో ఊదాడు. అసలే కడుపు మండిపోయి ఉన్నాడు, నమ్మేశాడు.

"వైరస్ ఎందులో ఉందమ్మా?" అన్నాడు, ల్యాబ్‌లో పరిశోధన చేసే ఏంజెల్ గొంతుకు రాడ్డు ఆనించి. అంత కోపంలోనూ అమ్మా అనడం మాత్రం మానలేదు.

ఏంజెల్ బల్ల మీది సీసా చూపించి చెప్పింది. అది చేపల్ని చంపే వైరస్ కాదు. జబ్బు చేసే గుణం తీసేసి, చేప కణాల్లోకి కొత్త జన్యువును మోసుకెళ్ళే బండిలా దాన్ని వాడతారు. అన్ని కణాలకూ జన్యువు అందదు. అందుకే పైన విషమందు పోస్తారు. అందినవి తట్టుకుంటాయి, అందనివి చస్తాయి. చెరువుల్లో జబ్బును ఆపడానికే ఇదంతా. రెండేళ్ళ కష్టం, ఈ ఒక్క ప్లాస్టిక్ సీసా.

బుచ్చిబాబు వంగి చూశాడు. సీసా నీళ్ళ నిండా తెల్లటి నలుసులు. తన చెరువు గుర్తొచ్చినట్టుంది, పళ్ళు కొరికి, సీసాను చితక్కొట్టడానికి రాడ్డెత్తాడు.

ఏంజెల్ ఆయన కాళ్ళ మీద పడింది. "నన్నేం చేసినా సరేనండి. ఆ నీళ్ళు మాత్రం పారబొయ్యకండి. నా కష్టమంతా ఆ నీళ్ళల్లోనే ఉందండి."

పిచ్చిపిల్ల, ఎక్కడ కొట్టాలో తనే చూపించేసింది. బుచ్చిబాబు ఆమెను ఒక్క తన్ను తన్ని, రాడ్డు పక్కన పడేసి, మూత తీసి చివరి బొట్టు దాకా సింకులో ఒంపేశాడు.

"నావీ పోయాయి, నీవీ పోయాయి" అంటూ ఖాళీ సీసా ఆమె మొహాన కొట్టి వెళ్ళిపోయాడు.

పెదవి చిట్లి రక్తం కారుతుండగా ఏంజెల్ ముందు సీసాకు మూత బిగించింది. అంబులెన్సుకు ఫోన్ చేసింది. చేతులు కడుక్కుని, సీసాలో కొత్త ద్రవం పోసింది.

"ఇంకెందుకండీ మేడమ్, అన్నీ పోయాయిగా" అని ఏడ్చాడు జ్ఞానయ్య.

"తేలినవన్నీ విషమందుకు చచ్చిన కణాలే, జ్ఞానయ్యగారూ. ఎలాగూ ఇవాళ నేనే వాటిని పారబొయ్యాల్సింది. బతికినవి సీసా అడుక్కి అతుక్కునే ఉన్నాయండి."