చప్పుడు లేని బండి

“మైసయ్యా, ఆటో తియ్యి! మావాడు ఇంకా ఇంటికి రాలేదు.”

లాల్‌గడి మలక్‌పేట్ రోడ్డు మీద అప్పుడే బేరం దింపి సీటు దులుపుకుంటున్న మైసయ్య తలెత్తి చూశాడు. అమ్మాజీ ఆయాసపడుతూ వచ్చి, ఆయన సరేననకముందే ఎక్కి కూర్చుంది.

“ఏందమ్మా గిట్ల ఉరికొస్తున్నవ్? ఇంకా పొద్దన్న గుంకలే.”

“వాడు రోజూ ఈపాటికి ఇంట్లో ఉంటాడు. ఫోను మోగుతోంది, ఎత్తట్లేదు. మేడ్చల్ వైపు పోనియ్యి. దారిలో ఎక్కడైనా...”

ఆటో కదిలింది. అమ్మాజీ సగం బయటికి వంగి రోడ్డు పక్క పొదలన్నీ వెతుకుతోంది.

“ఏం బండమ్మా పిలగానిది?”

“కరెంటు బండి. మోటారు సైకిల్ కొంటానంటే నేనే ఏడ్చి మాన్పించాను. షాపులో ఉన్నవాటిలో అన్నిటికంటే మెల్లగా పోయేదేదో అడిగి మరీ కొనిపించాను. పెడళ్ళు కూడా ఉన్నాయి. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం కదా, తొక్కితే ఒంటికి మంచిదని.”

“అవ్, నేను సూసిన. సప్పుడే రాదు గద! మొన్న నా పక్కకెంచి పోతే దయ్యమనుకున్న.” మైసయ్య నవ్వాడు.

అమ్మాజీ నవ్వలేదు. “నా భయమూ అదే. చప్పుడు లేకపోతే లారీవాడికి పక్కన మనిషున్నట్టు ఎలా తెలుస్తుంది? హారన్ చూస్తే పిచ్చుక కూసినట్టుంటుంది. వానలో తడిస్తే షాక్ కొడుతుందా అని అడిగితే షాపువాడూ నీలాగే నవ్వాడు. నవ్వడానికేం, వాడి కొడుకా?”

“మస్తు మాట్లాడ్తవమ్మా నువ్వు.”

“పొద్దుట్నుంచీ నోరు విప్పింది ఇప్పుడే. మా వెంచర్లో ఇన్ని ప్లాట్లకీ ఉన్నవి మూడిళ్ళు. రెండిటికి తాళాలు.”

మైసయ్య ఆటో వేగం పెంచాడు.

మలుపు దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. రోడ్డంతా ఎర్రగా ఉంది.

ఆటో పూర్తిగా ఆగకముందే అమ్మాజీ దూకేసింది. ఒక కాలి చెప్పు ఎక్కడో ఊడిపోయింది. “భానూ! బాబూ!” అని అరుస్తూ జనాన్ని తోసుకుని ముందుకెళ్ళింది.

టమాటాల ట్రాలీ ఒరిగిపోయి ఉంది. అందరూ వంగి కాయలేరుకుంటున్నారు.

ఆమె ఆ చితికిన కాయల మధ్యే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. పక్కనున్న ఆడమనిషి ఏరడం ఆపి, జాలిగా భుజం మీద చెయ్యి వేసింది.

“నీ పంటనా అక్కా?”

మైసయ్య వచ్చి లేపి, మళ్ళీ ఆటోలో కూర్చోబెట్టాడు. మేడ్చల్లో ఆఫీసు గేటు దగ్గర ఆగారు. వాచ్‌మన్ లోపలికి తొంగి చూసే అవసరం కూడా లేదన్నట్టు చెయ్యి ఊపాడు.

“భానుతేజ సారా? ఎప్పుడో పోయిండు గదమ్మా.”

తిరిగి వచ్చేటప్పుడూ అమ్మాజీ పొదలే వెతుకుతోంది. మైసయ్య రెండు మూడుసార్లు అద్దంలోంచి చూసి, “వెనక ప్లాట్లకెంచి గూడ తొవ్వున్నదమ్మా. మనం గిట్ల పోంగనే పిలగాడు అట్లకెంచి వచ్చుంటడు. పరేషాన్ గాకు,” అన్నాడు.

ఇంటి దగ్గర దిగేసరికి చీకటి పడింది. కింద గదులన్నీ చీకటిగానే ఉన్నాయి. మేడ మీద గదిలో మాత్రం లైటు వెలుగుతోంది. బయటి మెట్ల కింద బండి నిలబడి ఉంది. ఛార్జర్ మీద చిన్న ఎర్ర దీపం.

అమ్మాజీ ఒంటి చెప్పుతోనే మెట్లెక్కి, తలుపు తోసింది.

భానుతేజ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మంచం మీద ఫోను బోర్లా పడి ఉంది.

తలుపు కదిలిన గాలికి కాబోలు, వాడు ఒక చెవి మీది హెడ్‌ఫోను పక్కకు జరిపాడు. వెనక్కి మాత్రం తిరగలేదు.

“నేనొచ్చి ఇంతసేపైంది, ఒక్కసారి కూడా పైకొచ్చి పలకరించలేదు. రోజూ ఇలాగే ఉండమ్మా, ఇల్లెంత ప్రశాంతంగా ఉందో!”