ఏడ్వని పిల్లవాడు

"మిల్లుకాడ వడ్లు ఉడికే తొట్టిల చెల్లె చెయ్యి పెట్టిందమ్మా. వీడు పక్కనే నిలవడి పల్లీలు తినుకుంట సూసిండు. మమ్ముల పిలువలే, ఏడ్వలే," అన్నాడు తండ్రి ఫూల్‌సింగ్.

మిర్యాలగూడ దవాఖానలో డాక్టరమ్మ మూడేళ్ళ చాందీ చేతికి మందు రాస్తోంది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. తొమ్మిదేళ్ళ దస్రు గోడకు ఆనుకుని, పొట్టు ఊదుకుంటూ ఇంకా పల్లీలు తింటూనే ఉన్నాడు.

"చెల్లికి నొప్పిగా ఉందిరా. నీకు జాలి లేదా?" అంది డాక్టరమ్మ.

దస్రు ఇంకో పల్లీ వలిచాడు. "ఏడుపు ఎప్పుడు ఆపుతది?" అని అడిగాడు.

"ఇన్నవా అమ్మా? మొన్న మేకపిల్ల మెడ విరిచిండు. వాళ్ళ యాడి, కన్నతల్లి, కొడుతుంటే ఆమె మొఖం మీద్నే ఆవులించిండు. ఇయ్యాల మూడింటి బస్సుకు పెద్దవూర తోలుకపోత. మా అన్న మంగ్త్యా కాడ బర్లు కాసుకుంట ఉంటడు. ఇంట్ల ఉంటే పిల్లను బతకనియ్యడు."

తల్లి గౌరీబాయి దస్రు చొక్కా కొస పట్టుకుంది. "వద్దు," అంది. అంతే.

"నువ్వు ఊకో. రాయిని కని ఎనకేసుకొస్తున్నవు."

డాక్టరమ్మ కట్టు కడుతూ అడిగింది. "పసిగా ఉన్నప్పుడు ఎట్లా ఉండేవాడు?"

ఫూల్‌సింగ్ ముఖం మెత్తబడింది. "బంగారమమ్మా! ఎనభై రెండుల పుట్టిండు. అప్పటికే ఇద్దరం మిల్లుల పనికి పోతుంటిమి. గోనెసంచుల నడుమ పండవెడితే పొద్దుగూకేదాంక కిక్కురుమనకపోయెటోడు. మిషిన్ల సప్పుడుకు గూడ లేవకపోయెటోడు. ఏడ్చే పిల్లలున్న ఆడోళ్ళను పనిలకు రానియ్యకపోతుండె. మేస్త్రి అందరికీ సెప్తుండె, కంటే గౌరీబాయి లెక్క కనాలె అని. మా పని నిలవడ్డదే వీనితోని."

అతను తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "బుద్ధిమంతుడని మురిసినం. లోపల ఏం లేకనే ఏడ్వలేదని మాకేం ఎరుక?"

"కొందరు పుట్టుకతోనే అంత," అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "ఎవరి తప్పూ కాదు."

ఫూల్‌సింగ్ లేచి దస్రు రెక్క పట్టుకున్నాడు. ఎక్కడికని వాడు అడగలేదు. తల్లి వైపు చూడలేదు. గౌరీబాయి చొక్కా వదల్లేదు. లాగితే గుండీ తెగి గచ్చు మీద పడింది.

"ఇడువే! పుట్టుకనే గంతని డాక్టరమ్మ గూడ అన్నది గద."

గౌరీబాయి తలుపుకు అడ్డంగా కూలబడింది.

"సంచుల నడుమ పండవెట్టే ముందు నేనే రోజూ నల్లమందు నాకించిన."