గుమ్మం దగ్గర చెప్పులు

వంతెన కూలిన రోజున ఆ పిల్లకి అక్క లేకుండా పోయింది. నాన్న చెప్పుల కొట్టు వెనక తలుపు దాటితే వంతెన కూలని లోకం వస్తుందని పదిహేడో ఏట తెలిసింది. ఒక్కసారి అక్కని చూసి వచ్చేద్దామని ఆ రాత్రే బయల్దేరింది.

అక్కడి వీధిలో కుక్క కూడా మొరగలేదు. తలుపు తట్టకముందే అక్క తీసింది.

"వచ్చావా తల్లీ! చిక్కి సగమయ్యావే!" అంటూ వాటేసుకుంది.

అక్క భుజం మీదుగా చూస్తే గోడవార ఆరు జతల చెప్పులు. అన్నిటికీ ఎడమ పట్టీ మీద పచ్చదారం కుట్టు. నల్లదారం అయిపోయి నాన్న ఈ పిల్ల చెప్పుకి వేసిన కుట్టే అది. "ఊరంతా గాలించినా ఇలాంటి జత ఇంకోటి దొరకదు" అని నవ్వాడు కూడా.

"ఇవెవరివక్కా?"

"నీవే కదే పిచ్చిపిల్లా! ఒక్కో లోకం నుంచి ఒక్కోసారి వస్తావు."

అక్క వంగి, ఆమె చెప్పులు విప్పి వరస చివర పెట్టింది.

"లోపల అందరూ పడుకున్నారు. మెల్లిగా రా. నీకూ పక్క వేశాను."

పిల్ల చెవులు రిక్కించింది. లోపలి గదిలో ఊపిరి చప్పుడైనా లేదు.

అక్క చెయ్యి మాత్రం వెచ్చగా ఉంది. వదలబుద్ధి కాలేదు.