గిజిగాడు దాచిన ముడి

వాగు ఒడ్డున తుమ్మచెట్టు మీది గిజిగాళ్లకి ఒక కట్టుబాటుండేది. గూళ్లు కట్టే పాత అల్లిక అందరిదీ. దాన్ని మెరుగుచేసి అమ్ముకోవచ్చు, కానీ కొన్నవాళ్లకి ముడి విప్పి చూపించాలి.

పోలయ్య అనే గిజిగాడు ఆ అల్లికకే ఒక గట్టి ముడి కలిపాడు. గూటికి పది మిడతలు పుచ్చుకున్నాడు. ముడి మీద మాత్రం బురద మెత్తేశాడు.

"ముడి చూపించవేం అన్నా?" అంది గుడ్ల కోసం గూడు కొనుక్కున్న నీలమ్మ.

"చూపిస్తే రేపు నా మొహం ఎవరు చూస్తారమ్మా? సడలితే బిగించడానికి నేను లేనూ!"

ఉన్నాడు మహానుభావుడు, వాగు అవతల మేతలో! నీలమ్మ గుడ్లు పెట్టాక ఓ పూట గాలివానకి గూడు సడలింది. పాత అల్లిక గూళ్లని తలా ఓ పోచ వేసి నిలబెట్టుకున్న ఇరుగుపొరుగువాళ్లు, దీని ముందు నోళ్లు వెళ్లబెట్టారు. బురద గీకి ముడి వెతికేలోగా గూడూ గుడ్లూ వాగులో పడి కొట్టుకుపోయాయి.

పోలయ్య తిరిగొచ్చేసరికి నీలమ్మ ఖాళీ కొమ్మ మీద తడిసి కూర్చుంది.

"అమ్ముకోవద్దన్నానా అన్నా? చూపించమన్నాను. నేనే బిగించుకునేదాన్ని."

మర్నాటి నుంచి పోలయ్య పిలిచి మరీ అందరికీ ముడి నేర్పాడు. చెట్టంతా వచ్చింది, నీలమ్మ తప్ప. ఇప్పటికీ రోజూ కాసేపు ఆగి, ఆమె వస్తుందేమోనని చూసి, అప్పుడు మొదలుపెడతాడు.